సిక్ లీవ్‌లో ఉన్నా నోటీసు రావచ్చు. మూడు వారాల గడువు మాత్రం ఆగదు

ఆకెన్‌లో మనవాళ్ళ మధ్య రెండు మాటలు తరచూ వినబడతాయి. ఒకటి, "సిక్ లీవ్‌లో ఉన్నవాళ్ళని జర్మనీలో ఎవరూ తీసేయలేరు." రెండోది, "సిక్ పెట్టామంటే ఉద్యోగం పోయినట్టే." రెండూ తప్పే. మొదటి మాట నమ్మినవాళ్ళు నోటీసు వచ్చినా కవరు చించకుండా పక్కన పడేస్తారు. రెండో మాట నమ్మినవాళ్ళు నడుం పట్టేసినా సైట్‌కి వెళ్ళి బస్తాలు మోస్తారు, జ్వరంతోనే ఇళ్ళు తుడుస్తారు. ఇద్దరికీ నష్టమే.

మొదటి నమ్మకానికి కారణం లేకపోలేదు. మన దేశంలో 1948 నాటి ఈఎస్ఐ చట్టం, 73వ సెక్షన్‌లో, సిక్‌నెస్ బెనిఫిట్ తీసుకుంటున్న రోజుల్లో కార్మికుణ్ణి తీసేయకూడదని స్పష్టంగా రాసింది. ఆకెన్ పక్కనే ఉన్న వాల్స్‌కి వెళ్తే అది నెదర్లాండ్స్. అక్కడ జబ్బుపడిన ఉద్యోగిని మొదటి రెండేళ్ళూ ఆ జబ్బు కారణంగా తీసేయడం కుదరదు. జర్మనీలో అలాంటి నిషేధం లేదు. మీరు మంచం మీద ఉన్నా ఓనరు క్యుండిగుంగ్, అంటే ఉద్యోగం ముగిస్తున్నామనే ఉత్తరం, పంపొచ్చు. అయితే పంపినంత మాత్రాన అది చెల్లుతుందని కాదు. చెల్లదని మీరు కోర్టులో అడగాలి. అడగడానికి మూడు వారాలే టైము. ఈ వ్యాసంలో మీరు ఒక్క విషయమే గుర్తుపెట్టుకోదలిస్తే ఇది పెట్టుకోండి.

ముందుగా: జబ్బు చేసిన రోజు ఏం చేయాలి

నిజంగా జబ్బుపడి కూడా ఉద్యోగం పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. జబ్బు చేయడం తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు. చట్టం ప్రకారం పని మొదలయ్యే టైముకల్లా కంపెనీకి తెలియజేయాలి. రాలేనని మాత్రమే కాదు, ఎన్ని రోజులు పట్టవచ్చో కూడా చెప్పాలి. జర్మన్ రాకపోతే ఫోన్‌లో ఈ ఒక్క వాక్యం చాలు: "ఇష్ బిన్ క్రాంక్, ఇష్ కాన్ హొయ్టె నిష్ట్ ఆర్బైటెన్." తర్వాత అదే విషయం మెసేజ్ కూడా పెట్టండి. టైముతో సహా ఆధారం ఉంటుంది. పక్కన పనిచేసే తమ్ముడితో "మేస్త్రీకి చెప్పు" అంటే సరిపోదు. వాడు మర్చిపోతే మాట మీకే వస్తుంది.

మూడు రోజులకు మించి జబ్బు ఉంటే, ఆ తర్వాత వచ్చే పనిరోజుకి డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి. శని, ఆదివారాలు కూడా లెక్కలోకి వస్తాయి. కంపెనీ కావాలంటే మొదటి రోజు నుంచే అడగొచ్చు. మీ కాంట్రాక్టులో ఏముందో ఒకసారి చూసుకోండి. 2023 జనవరి 1 నుంచి ప్రభుత్వ బీమా, అంటే ఏఓకే, టీకే లాంటి క్రాంకెన్‌కాస్సే ఉన్నవాళ్ళ సర్టిఫికెట్‌ని డాక్టరు కంప్యూటర్‌లోనే పంపిస్తారు, కంపెనీ అక్కణ్ణుంచి తీసుకుంటుంది. అయినా మీకిచ్చే కాగితం పారేయకండి. ప్రైవేటు బీమా ఉన్నవాళ్ళు పాత పద్ధతిలోనే కాగితం ఇవ్వాలి. సెలవు పొడిగిస్తే మళ్ళీ ఫోను, మళ్ళీ సర్టిఫికెట్.

మీ జబ్బు పేరు కంపెనీకి చెప్పాల్సిన పనిలేదు. కంపెనీకి వెళ్ళే సమాచారంలో అది ఉండదు.

కోపంలో కూడా అనకూడని మాట ఒకటుంది: "లీవ్ ఇవ్వకపోతే సిక్ పెడతా." మన దగ్గర ఊరికే అనేస్తాం. ఇక్కడ ఆ ఒక్క మాటకే, నోటీసు గడువు కూడా లేకుండా తీసేసిన కేసుల్లో కోర్టులు కంపెనీ పక్షాన నిలిచాయి. తర్వాత మీకు నిజంగా జబ్బు చేసినా ఆ మాట మిమ్మల్ని వదలదు.

జీతం ఎవరు ఇస్తారు?

చేరి నాలుగు వారాలు పూర్తయితే, జబ్బు రోజుల్లో ఆరు వారాల వరకు పూర్తి జీతం కంపెనీయే ఇవ్వాలి. ఇది పార్ట్‌టైమ్ వాళ్ళకీ, మినీజాబ్ వాళ్ళకీ, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకీ వర్తిస్తుంది. "నువ్వు మినీజాబ్, రాని రోజుకి డబ్బుల్లేవు" అని ఇంటావిడ అంటే అది చట్టం కాదు. పైగా మినీజాబ్ కింద మిమ్మల్ని రిజిస్టర్ చేసిన ఇంటివాళ్ళకి, జబ్బు రోజుల్లో ఇచ్చిన జీతంలో 80 శాతం మినీజాబ్ సెంట్రాలే తిరిగి ఇస్తుంది. వాళ్ళు దరఖాస్తు చేసుకోవాలి, అంతే. ఈ సంగతి చాలా ఇళ్ళల్లో తెలియదు. మర్యాదగా చెప్పి చూడండి.

ఆరు వారాలు దాటితే క్రాంకెన్‌కాస్సే నుంచి క్రాంకెన్‌గెల్డ్ వస్తుంది. స్థూల జీతంలో 70 శాతం, కానీ నికర జీతంలో 90 శాతానికి మించదు. ఉదాహరణకి మీ స్థూల జీతం 2,600 యూరోలు, చేతికొచ్చేది 1,800 అనుకుందాం. 2,600లో 70 శాతం 1,820. 1,800లో 90 శాతం 1,620. రెండిట్లో తక్కువది, అంటే 1,620 లెక్క. అందులోంచి పెన్షన్, నిరుద్యోగ బీమా లాంటివాటికి మీ వంతు కోతపోతుంది. ఒకే జబ్బుకి మూడేళ్ళలో 78 వారాల వరకు, మొదటి ఆరు వారాలతో కలిపి, ఈ ఏర్పాటు ఉంటుంది. మినీజాబ్ మాత్రమే ఉన్నవాళ్ళకి క్రాంకెన్‌గెల్డ్ రాదు.

పనిలో దెబ్బ తగిలితే దారి వేరు. సైట్‌లో పరంజా మీంచి పడ్డా, ఇంట్లో కిటికీలు తుడుస్తూ స్టూలు మీంచి పడ్డా, మామూలు డాక్టరు దగ్గరికి కాకుండా పని ప్రమాదాలు చూసే "దుర్ష్‌గాంగ్స్ ఆర్‌స్ట్" దగ్గరికి వెళ్ళాలి. ఆసుపత్రి ఎమర్జెన్సీలో "ఆర్బైట్స్‌ఉన్‌ఫాల్" అన్న మాట చెప్పండి, అంటే పని ప్రమాదం. నిర్మాణ పనివాళ్ళకి బేగే బావ్ అనే ప్రమాద బీమా సంస్థ ఉంది. "ఇంట్లో పడ్డానని చెప్పు" అని సూపర్‌వైజర్ అంటే వినకండి. అలా చెబితే రేపు నడుం పనికిరాకుండా పోయినా ఆ బీమా మీకు అందదు. మిమ్మల్ని రిజిస్టర్ చేయకుండా పనిలో పెట్టుకున్నా ఈ ప్రమాద బీమా మీకు వర్తిస్తుంది.

జబ్బు కారణంగా ఎప్పుడు తీసేయొచ్చు?

రెండు షరతులు కలిస్తే మీకు గట్టి రక్షణ ఉంటుంది. చేరి ఆరు నెలలు దాటాలి. కంపెనీలో పదిమందికి మించి ఉద్యోగులుండాలి. (వారానికి 20 గంటల లోపు చేసేవాళ్ళు సగం మనిషిగా, 30 గంటల లోపువాళ్ళు ముప్పావు మనిషిగా లెక్క.) అప్పుడు తొలగింపు రక్షణ చట్టం వర్తిస్తుంది. జబ్బు పేరుతో తీసేసిన కంపెనీని కోర్టు మూడు ప్రశ్నలు వేస్తుంది.

మొదటిది, మున్ముందు కూడా ఇలాగే జబ్బుపడతారని చెప్పే ఆధారం ఉందా? మాటిమాటికీ వచ్చే చిన్న జబ్బులైతే సాధారణంగా గత మూడేళ్ళు చూస్తారు, ఏటా ఆరు వారాలు దాటాయా అని. కాలు విరిగి అతుక్కుంది, ఆపరేషన్ అయి నయమైంది అంటే అది మళ్ళీ వచ్చేది కాదు కాబట్టి లెక్కలో బలముండదు. రెండోది, మీ గైర్హాజరీ వల్ల కంపెనీకి నిజంగా పెద్ద ఇబ్బంది కలుగుతోందా? మూడోది, ఎన్నేళ్ళుగా పనిచేస్తున్నారు, వయసెంత, పిల్లలున్నారా, ఆ జబ్బు ఆ పని వల్లే వచ్చిందా అన్నవి తూచి చూస్తే ఎవరి వైపు మొగ్గుతుంది? ఈ మూడూ దాటితేనే తొలగింపు నిలుస్తుంది.

ఇంకొకటి చాలామంది చేజార్చుకునే అవకాశం. పన్నెండు నెలల్లో మొత్తం ఆరు వారాలకు మించి జబ్బుతో ఉంటే, మిమ్మల్ని పిలిచి "ఏం మారిస్తే మీరు మళ్ళీ పని చేయగలరు" అని మాట్లాడతామని కంపెనీ తనంతట తాను అడగాలి. దీన్ని బెమ్ అంటారు. బరువులెత్తే పని తగ్గించడం, వేరే పని ఇవ్వడం, గంటలు మెల్లమెల్లగా పెంచడం లాంటివి అక్కడ తేలతాయి. వెళ్ళాలా వద్దా అన్నది మీ ఇష్టం. కానీ పిలుపు ఉత్తరం వస్తే పక్కన పడేయకండి. వెళ్ళేటప్పుడు మీకు నమ్మకమైన మనిషిని వెంట తీసుకెళ్ళే హక్కుంది, జర్మన్ బాగా వచ్చినవాళ్ళనే తీసుకెళ్ళండి. కంపెనీ అసలు పిలవకుండా తీసేస్తే, వేరే దారి లేకపోయిందని కోర్టులో నిరూపించడం దానికి చాలా కష్టమవుతుంది. ఒకసారి బెమ్ అయిపోయాక మళ్ళీ ఆరు వారాలు దాటితే మళ్ళీ పిలవాల్సిందేనని ఎర్‌ఫుర్ట్‌లోని కేంద్ర కార్మిక కోర్టు 2021 నవంబర్‌లో చెప్పింది.

కంపెనీలో కార్మికుల కౌన్సిల్, అంటే బెట్రీబ్స్‌రాట్ ఉంటే, తీసేసే ముందు వాళ్ళ అభిప్రాయం అడగాలి. అడగకపోతే ఆ తొలగింపు చెల్లదు.

చిన్న కంపెనీ, ఇంటిపని: రక్షణ తక్కువే, సున్నా కాదు

మనవాళ్ళలో చాలామంది ఐదారుగురు ఉండే సబ్ కాంట్రాక్టరు దగ్గరో, ఒక ఇంట్లోనో పనిచేస్తారు. మొదటి ఆరు నెలల్లో ఉన్నవాళ్ళూ ఉంటారు. పైన చెప్పిన మూడు ప్రశ్నల రక్షణ వీళ్ళకి ఉండదు. నోటీసు ఇచ్చి తీసేయొచ్చు. అయినా కొన్ని హద్దులున్నాయి.

నోటీసు గడువు ఇవ్వాలి. ప్రొబేషన్‌లో మామూలుగా రెండు వారాలు, తర్వాత నాలుగు వారాలు, అదీ నెల 15కో నెలాఖరుకో ముగిసేలా. నిర్మాణ రంగం ఒప్పందంలో గడువులు ఇంకా తక్కువ ఉంటాయి కాబట్టి కాంట్రాక్టు చూసుకోండి. జబ్బుపడ్డారన్న కారణంతోనే తీసేస్తే, ఉద్యోగం ముగిసిన తేదీ తర్వాత కూడా ఆరు వారాల జీతం హక్కు నిలుస్తుంది. గర్భంతో ఉన్న అక్కచెల్లెళ్ళని, ప్రసవం తర్వాత నాలుగు నెలల వరకు, ఇంటిపనిలో కూడా తీసేయకూడదు. గర్భమని ఓనరుకు ముందే తెలియకపోతే, నోటీసు అందిన రెండు వారాల్లోపు చెప్పాలి.

చట్టబద్ధమైన హక్కు వాడుకున్నందుకు కక్షతో తీసేయడం చిన్న కంపెనీలో కూడా చెల్లదు. కొలోన్ కార్మిక కోర్టు 2021 ఏప్రిల్‌లో ఇచ్చిన తీర్పు ఇందుకు దగ్గరి ఉదాహరణ. ఆరోగ్య శాఖ ఫోన్ చేసి క్వారంటీన్‌లో ఉండమంటే ఒక కార్మికుడు ఇంట్లో ఉన్నాడు. ఓనరు నమ్మలేదు, పని ఎగ్గొడుతున్నాడనుకుని తీసేశాడు. చిన్న కంపెనీయే అయినా ఆ తొలగింపు చెల్లదని కోర్టు తేల్చింది. అదే ఏడాది మార్చిలో మన ఆకెన్ కార్మిక కోర్టు కూడా ఒక జీతం గొడవలో ఇలాంటి మాటే చెప్పింది. డాక్టరు సిక్ సర్టిఫికెట్ ఇచ్చిన మనిషికి తర్వాత క్వారంటీన్ ఆదేశం కూడా వస్తే, ఆ సాకుతో జబ్బు జీతం ఆపకూడదని. ఇలాంటి కేసులు వేసింది మీలాంటి మామూలు కార్మికులే.

ఉత్తరం వచ్చాక 21 రోజులు

ముందు ఉత్తరం చూడండి. కాగితం మీద, పెన్నుతో పెట్టిన అసలు సంతకంతో ఉండాలి. వాట్సాప్‌లో, ఈమెయిల్‌లో, సైట్‌లో నోటితో "రేపట్నుంచి రాకు" అంటే తొలగింపు కాదు. అలా అన్నారని ఇంట్లో కూర్చోకండి. "నేను పనికి సిద్ధంగా ఉన్నాను" అని రాతలో పంపండి, జబ్బు తగ్గగానే మళ్ళీ పంపండి. లేకపోతే మీరే మానేశారని చెబుతారు.

సరైన ఉత్తరమే వచ్చిందా? అది మీ చేతికి, లేదా మీ పోస్టు డబ్బాలోకి చేరిన రోజు నుంచి మూడు వారాలు. మంగళవారం పడితే, దాని తర్వాత వచ్చే మూడో మంగళవారం ఆఖరి రోజు. మీరు ఆసుపత్రిలో ఉన్నా, ఊరెళ్ళినా మామూలుగా డబ్బాలో పడ్డ రోజే లెక్క. కాబట్టి నలుగురు కలిసి ఉండే ఇళ్ళల్లో ప్రతి ఒక్కరి పేరూ డబ్బా మీద ఉండాలి, మీరు లేనప్పుడు ఉత్తరాలు చూసే మనిషి ఉండాలి. కవరు మీద అందిన తేదీ రాసి ఫోటో తీయండి. మీ తప్పు లేకుండా గడువు దాటితే, ఆ అడ్డు తొలగిన రెండు వారాల్లోపు కోర్టును ప్రత్యేకంగా అడగొచ్చు. కానీ దాని మీద ఆశ పెట్టుకోకండి. గడువు దాటితే, తప్పుడు తొలగింపు కూడా ఒప్పయి కూర్చుంటుంది.

ఆకెన్ కార్మిక కోర్టు, అంటే ఆర్బైట్స్‌గెరిష్ట్, అడాల్బెర్ట్‌స్టైన్‌వేగ్‌లోని కోర్టుల సముదాయంలో ఉంది. అక్కడ "రెష్ట్స్ఆన్‌ట్రాగ్‌స్టెల్లె" అనే కౌంటర్‌లో మీరు చెప్పింది విని పిటిషన్ వాళ్ళే రాసిపెడతారు. దీనికి వకీలు తప్పనిసరి కాదు, ముందుగా ఫీజు కట్టనక్కర్లేదు. తొలగింపు ఉత్తరం, కాంట్రాక్టు, చివరి పే స్లిప్పులు, పాస్‌పోర్టు పట్టుకెళ్ళండి. జర్మన్ వచ్చిన మనిషిని తోడు తీసుకెళ్ళండి. వాళ్ళు రాసిపెడతారే గానీ సలహా ఇవ్వరు.

మొదట రాజీ వాయిదా ఉంటుంది. చాలా కేసులు అక్కడే తేలిపోతాయి, అప్పుడు కోర్టు ఫీజు ఉండదు. పరిహారం తప్పనిసరిగా వస్తుందని చట్టంలో లేదు, బేరంలో వస్తుంది. ఏడాదికి సగం నెల స్థూల జీతం అనేది బేరానికి మొదలు. మొదటి కోర్టులో గెలిచినా ఓడినా ఎవరి వకీలు ఖర్చు వాళ్ళదే. ఆదాయం తక్కువైతే కోర్టు ఖర్చుల సాయానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఇదే టైములో ఇంకో పని మూడు రోజుల్లోపే అవ్వాలి. ఉత్తరం అందిన మూడు రోజుల్లో ఉపాధి కార్యాలయం, అంటే ఆగెంటూర్ ఫ్యుర్ ఆర్బైట్‌కి తెలియజేయాలి. ఆలస్యమైతే నిరుద్యోగ భత్యంలో ఒక వారం పోతుంది.

సంతకం పెట్టకండి

"ఇదిగో, ఇద్దరికీ గౌరవంగా ఉంటుంది" అంటూ ఆఫ్‌హేబుంగ్స్‌ఫెర్‌ట్రాగ్ అనే కాగితం ఇస్తారు. మీరే ఒప్పుకుని ఉద్యోగం వదిలేస్తున్నట్టు దాని అర్థం. సంతకం పెడితే కోర్టు రక్షణ దాదాపు పోయినట్టే, నిరుద్యోగ భత్యం మామూలుగా పన్నెండు వారాలు ఆగిపోతుంది. "చదివి రేపు చెబుతాను" అనే హక్కు మీకుంది. తొలగింపు ఉత్తరం అందిందని మాత్రమే సంతకం అడిగితే, "అందింది" అన్న మాట తప్ప "ఒప్పుకుంటున్నా" అన్న మాట లేదని ఎవరిచేతైనా చదివించుకోండి.

ఊళ్ళో ఉండగా జబ్బు చేస్తే

సెలవుకి వెళ్ళినప్పుడు జ్వరం రావడం మామూలే. విదేశీ డాక్టరు సర్టిఫికెట్‌కీ ఇక్కడి సర్టిఫికెట్‌కున్నంత విలువే ఉంటుంది. కానీ అనుమానం రానివ్వకూడదు. కేంద్ర కార్మిక కోర్టు 2025 జనవరి 15న ఇచ్చిన తీర్పు చదవదగ్గది. 2022లో ట్యునీసియా వెళ్ళిన ఒక గోడౌన్ కార్మికుడు, సెలవు ముగియబోతుండగా, 24 రోజులు కదలకూడదన్న సర్టిఫికెట్ పంపాడు. మర్నాడే ఆ విశ్రాంతి గడువు ముగియకముందు తేదీకి ఓడ టికెట్ కొన్నాడు, ఆ తేదీనే ప్రయాణమయ్యాడు. అంతకుముందు కూడా సెలవుల తర్వాత మూడుసార్లు సర్టిఫికెట్లు ఇచ్చి ఉన్నాడు. విడివిడిగా చూస్తే ఇవేవీ పెద్ద తప్పులు కాకపోవచ్చు, కలిపి చూస్తే సర్టిఫికెట్ నమ్మకం సడలిందని కోర్టు చెప్పి, అతని జబ్బును మళ్ళీ విచారించమని కింది కోర్టుకు పంపింది.

కాబట్టి విజయవాడలోనో కరీంనగర్‌లోనో జబ్బు చేస్తే ఆ రోజే కంపెనీకి మెసేజ్ పెట్టండి, అక్కడి అడ్రసు కూడా రాయండి. క్రాంకెన్‌కాస్సేకి చెప్పండి. సర్టిఫికెట్‌లో "పని చేయలేరు" అన్న మాట, తేదీలు స్పష్టంగా ఉండాలి. "జ్వరంతో చికిత్స పొందారు" అంటే సరిపోదు.

వీసా భయం

"కేసు వేస్తే వీసా పోతుందేమో" అన్నది మనవాళ్ళ అసలు భయం. హక్కు కోసం కార్మిక కోర్టుకి వెళ్ళడం వీసాకి నేరం కాదు. అయితే పనికి ముడిపడిన వీసా ఉన్నవాళ్ళు, ఉద్యోగం ముందుగానే ముగిసిందని తెలిసిన రెండు వారాల్లో ఆకెన్ విదేశీయుల కార్యాలయానికి తెలియజేయాలి. వాళ్ళు వీసా గడువు తగ్గించే అవకాశం ఉంది కాబట్టి, చెప్పకుండా దాచడం కంటే సలహా తీసుకుని, కొత్త పని వెతుకుతున్నట్టు ఆధారాలతో వెళ్ళడం మేలు. కాగితాలు సరిగ్గా లేనివాళ్ళు ఏ ఆఫీసుకైనా వెళ్ళే ముందు సలహా కేంద్రంతో మాట్లాడండి.

ఐరోపా యూనియన్ బయటి దేశాలవాళ్ళకి ఫైరే ఇంటెగ్రాట్సియోన్ అనే సలహా కేంద్రాలు పని హక్కుల మీద ఉచితంగా, రహస్యంగా సాయం చేస్తాయి. నిర్మాణ పనివాళ్ళకి, క్లీనింగ్ చేసేవాళ్ళకి ఈగే బావ్ యూనియన్ ఉంది. సభ్యులకి కేసులో వకీలు సాయం ఉంటుంది, కానీ ముందే చేరి ఉండాలి, గొడవ వచ్చాక చేరితే ఆ గొడవకి పనికిరాదు. ఇక్కడ ఉంటూ సరిహద్దు దాటి నెదర్లాండ్స్‌లోనో బెల్జియంలోనో పనిచేసేవాళ్ళు ఆకెన్ గ్రెన్స్‌ఇన్ఫోపుంక్ట్‌ని అడగండి. మీకు వర్తించేది చాలావరకు మీరు పనిచేసే దేశం చట్టం.

ఇప్పుడే, ఆరోగ్యంగా ఉన్నప్పుడే, ఒక ఫైలు పెట్టుకోండి. కాంట్రాక్టు, పే స్లిప్పులు, మీ పనిగంటల లెక్క, సిక్ కాగితాలు, బీమా కార్డు కాపీ. జ్వరం వచ్చిన రోజున వెతుక్కునే ఓపిక ఉండదు. ఉత్తరం వస్తే ఎవరినీ అడగడానికి మొహమాటపడకండి. నలుగురికీ చూపించండి, కానీ 21 రోజులు దాటనివ్వకండి.